చిత్రాంగి పెళ్ళి ఎవరు చేశారు?

ఈ వారం గ్రీకు నాటకం గురించి రాస్తానంటే మా ఇంట్లో నవ్వారు. "తగరపువలస మనుషులకీ గ్రీకులకీ ఏం చుట్టరికం?" అంది మా ఆవిడ. చుట్టరికం ఉంది. కాస్త ఓపిగ్గా చిత్తగించండి.

1958 వేసవిలో, నాకు ఎనిమిదేళ్ళప్పుడు, మా అమ్మమ్మగారి ఊరు తగరపువలసలో సారంగధర నాటకం వేశారు. గోస్తని ఎండి ఇసుక తేలిన రోజులు. చిట్టివలస జూట్‌మిల్లు కూత వినబడగానే అన్నాలు తినేసి, చాపలు చంకన పెట్టుకుని బయల్దేరాం. పెట్రోమాక్సు దీపాలు, వాటి చుట్టూ పురుగులు, శ్రుతి కుదరని హార్మోనియం. అమ్మమ్మకి ఒక పక్కన నేను, ఇంకో పక్కన ఆవిడ చెల్లెలు, మా చిన్నమ్మమ్మ.

కథ మీకు తెలిసిందే. రాజమహేంద్రవరం ఏలే రాజరాజ నరేంద్రుడి కొడుకు సారంగధరుడు. అతని పావురం ఎగిరి వెళ్ళి సవతితల్లి చిత్రాంగి మేడ మీద వాలుతుంది. తేవడానికి వెళ్ళిన కుర్రవాణ్ణి ఆమె కోరుతుంది. అతను కాదంటాడు. ఆమె రాజుతో చాడీ చెబుతుంది. రాజు విచారించకుండా కాళ్ళూ చేతులూ నరకమంటాడు. చిత్రాంగి తెర మీదికి రాగానే మా చుట్టూ ఉన్న ఆడవాళ్ళు మెటికలు విరిచారు. "ముదనష్టపుది!" అని ఒకావిడ లేచి మరీ తిట్టింది.

చిన్నమ్మమ్మ మాత్రం మెల్లిగా, "దాని పెళ్ళి ఎవరు చేశారో అడగరేం?" అంది. మరి కాసేపటికి చాప చుట్టుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ మాట నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. విశాఖపట్నంలో చదువుకునేటప్పుడు యురిపిడీస్ రాసిన హిప్పోలిటస్ ఇంగ్లీషులో చదివాను. పది పేజీలు తిప్పేసరికి, ఇది మన సారంగధరే కదా అనిపించింది! క్రీస్తుకు పూర్వం 428లో ఏథెన్సులో ఆడి మొదటి బహుమతి పొందిన నాటకం. థీసియస్ రాజుకి రెండో పెళ్ళాం ఫీడ్రా. సవితి కొడుకు హిప్పోలిటస్ మీద ఆమెకి మనసు పుడుతుంది. అది ప్రేమదేవత ఆఫ్రొడైటీ పెట్టిన చిచ్చు. ఆ కుర్రవాడు తనని లక్ష్యపెట్టక కన్యాదేవత ఆర్టెమిస్‌నే కొలుస్తాడని ఆమెకి కోపం.

అయితే ఫీడ్రా మన చిత్రాంగిలాగా నోరు తెరిచి అడగదు. పరువు పోగొట్టుకోవడం కన్నా చావడం మేలని అన్నం మానేసి పడుకుంటుంది. పెంచిన దాది బతిమాలి, కాళ్ళు పట్టుకుని రహస్యం లాగుతుంది. లాగి ఊరుకుందా? కుర్రవాడిచేత ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుని, అతని చెవిన వేస్తుంది. అతను మండిపడి ఆడజాతినంతా తిడతాడు. పిల్లల కోసం ఆడదాని అవసరమే లేకుండా, గుడిలో వెల కట్టి కొనుక్కునే ఏర్పాటుంటే బాగుండేదంటాడు. (మా అమ్మమ్మ వింటే ఏమనేదో ఇక్కడ రాయలేను.) ఫీడ్రా ఇదంతా వింటుంది. ఉరి వేసుకుంటుంది. కుర్రవాడు తనని చెరిచాడని రాసిన పలక ఆమె చేతికి వేలాడుతూ ఉంటుంది. తండ్రి శాపం పెడతాడు. సముద్రంలోంచి ఎద్దు పుట్టి వస్తుంది. గుర్రాలు బెదిరి కొడుకుని రాళ్ళ మీద ఈడ్చుకుపోతాయి.

ఇంకొక సంగతి. యురిపిడీస్ ఈ కథని అంతకు ముందే ఒకసారి నాటకంగా రాశాడు. అందులో ఫీడ్రా తానే వెళ్ళి అడిగిందట, కుర్రవాడు సిగ్గుతో ముఖం కప్పుకున్నాడట. అది జనానికి నచ్చలేదని చెబుతారు. ఇప్పుడు తునకలే మిగిలాయి. అంటే, ఏథెన్సులో కూడా మొదట మెటికలు విరిచారన్నమాట. కవి ఇంటికి వెళ్ళి మళ్ళీ ఆలోచించుకున్నాడు.

తప్పు ఎవరిదన్నది పండితులు ఇప్పటికీ తేల్చలేదు. అందరూ దేవతల మీదికి తోసేస్తే ఊరుకునేవాళ్ళమే. కాని ఇ.ఆర్. డాడ్స్ 1925లో రాసిన వ్యాసంలో దేవతల్ని పక్కన పెట్టి, ఫీడ్రా సిగ్గుని పట్టుకున్నాడు. సిగ్గు రెండు రకాలని నాటకంలో ఆమే చెబుతుంది. ఒకటి మనిషిని తప్పు చెయ్యకుండా ఆపేది, రెండోది ఇళ్ళు కూల్చేది. ఆ నాలుగు మాటల మీద పండితులు రాసిన పుటలు పేర్చితే ఇల్లు కట్టుకోవచ్చు.

నాకు ఎక్కువ నచ్చింది అమెరికాలో బెర్నార్డ్ నాక్స్ అనే ఆచార్యుడు 1952లో చెప్పింది. ఈ నాటకమంతా మాట్లాడడమా, నోరు మూసుకోవడమా అన్న ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుందన్నాడు. ఫీడ్రా ముందు దాచి, తరవాత చెప్పి చెడింది. దాది చెప్పకూడని చోట చెప్పింది. హిప్పోలిటస్ ఒట్టుకి కట్టుబడి, ప్రాణం మీదికి వచ్చినా తండ్రి దగ్గర నోరు విప్పలేదు. తండ్రి మాత్రం, ఆగవలసినవాడు, తొందరపడి శాపం అనేశాడు. ఎవరు ఏ దారి పట్టినా చేరింది ఒకే చోటికి. అన్నీ తెలిసిన ఊరి ఆడవాళ్ళు కూడా అక్కడే నిలబడి ఉంటారు. వాళ్ళూ చెప్పమని ఒట్టు పెట్టుకున్నారు.

1993లో నాన్సీ రాబినోవిట్జ్ ఇంకో వైపు నుంచి చూసింది. ఆఖరికి తండ్రీ కొడుకూ కౌగలించుకుని రాజీపడతారు, ఆడది మాత్రం సగం నాటకంలోనే శవమై పోయింది. ఈ కథ ఎవరికి మేలు చేసిందో చూడమంది. చదువుతూ చాప చుట్టుకుపోయిన మా చిన్నమ్మమ్మే గుర్తొచ్చింది.

ఈ కథ గ్రీకుల దగ్గర నుంచి మనకి వచ్చిందా అంటే, అలా చెప్పనక్కరలేదు. యురిపిడీస్‌కి ఏడువందల ఏళ్ళ ముందే ఈజిప్టులో అన్నదమ్ముల కథలో వదినగారు ఇదే పని చేసింది. మన దేశంలో అశోకుడి కొడుకు కుణాలుడి కళ్ళు తీయించింది సవతితల్లి తిష్యరక్షిత అని బౌద్ధులు చెప్పుకున్నారు. ముసలి మగడు, పడుచు పెళ్ళాం, ఎదిగిన కొడుకు ఒకే కప్పు కింద ఉన్న చోటల్లా ఈ కథ మొలుస్తుంది కాబోలు. చరిత్ర అడిగితే, 1022లో గద్దెనెక్కిన రాజరాజ నరేంద్రుడికి సారంగధరుడనే కొడుకు శాసనాల్లో కనబడడు. తెలిసిన కొడుకు తరవాత కులోత్తుంగ చోళుడై హాయిగా ఏలుకున్నాడు. అయినా రాజమండ్రిలో సారంగధర మెట్ట ఉండనే ఉంది.

మనవాళ్ళలో గౌరన పదిహేనో శతాబ్దంలో ఈ కథ చెప్పి, సిద్ధుడిచేత కాళ్ళూ చేతులూ తిరిగి మొలిపించాడు. తంజావూరులో చేమకూర వెంకటకవి కావ్యం చేశాడు. బళ్ళారి ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు ఏడుపుతో ముగించి విషాద సారంగధర అన్నారు. మన నాటకాలకి మంగళాంతమే అలవాటైన రోజుల్లో అది సాహసమే. వీళ్ళందరికన్న నాకు దగ్గరైన సంగతి, మా ఊరికి గంట బస్సు ప్రయాణంలో ఉన్న విజయనగరంలో గురజాడ అప్పారావుగారు చదువుకునే రోజుల్లోనే, 1883లో, సారంగధర పేరుతో ఇంగ్లీషులో కావ్యం రాశారు. ఆ తరవాత ఆయన ముసలి మగడికి పసిపిల్లని అమ్మే కథ ఎత్తుకున్నారు. 1892లో కన్యాశుల్కం ఆడారు. ఒక కథ నుంచి ఇంకో కథకి ఆయన మనసు ఎలా నడిచిందో గాని, మధ్యలో చిన్నమ్మమ్మ ప్రశ్న ఉండే ఉంటుందని నాకొక పిచ్చి నమ్మకం. జనం చెప్పుకునే కథలో చిత్రాంగిని చూసింది కొడుక్కి. పుస్తె కట్టింది తండ్రి.

చిన్నమ్మమ్మకి 1924లో, పదమూడో ఏట, పెళ్ళి చేశారు. పెళ్ళికొడుకుది రెండో పెళ్ళి. మొదటి భార్య కొడుకు ఈవిడ కన్న మూడేళ్ళు పెద్ద. ఇద్దరూ ఒక ఇంట్లో మూడేళ్ళున్నారు. ఊళ్ళో ఎవరో ఏదో అన్నారు. ఆ కుర్రవాడు ఒకనాడు తండ్రితో చెప్పకుండా భీమిలి వెళ్ళి, అటు నుంచి రంగూను ఓడ ఎక్కేశాడు. చిన్నమ్మమ్మ ఏమీ చెప్పలేదు. అతనూ చెప్పలేదు. ప్రతి దసరాకీ ఆవిడ పేర మనియార్డరు వచ్చేది. వేలిముద్ర వేసి తీసుకునేది. ఆ మనియార్డరే సాక్ష్యమన్నారు ఊళ్ళోవాళ్ళు. తల్లికి కొడుకు పంపితే తప్పేవిటని మా అమ్మమ్మ వాళ్ళతో పోట్లాడేది. 1941 ఆఖర్న రంగూను మీద బాంబులు పడ్డాక మనియార్డరు రాలేదు, మనిషీ రాలేదు. ఇదంతా అమ్మమ్మ నాతో చెప్పేసరికి చిన్నమ్మమ్మ పోయి పదేళ్ళయింది.

నాటకం మర్నాడు పొద్దున్నే చిత్రాంగి వేషం వేసినాయన మా నూతి దగ్గరికి మంచినీళ్ళకి వచ్చాడు. మీసం లేని ముఖం, బుగ్గల మీద ఇంకా రంగు. చిన్నమ్మమ్మ మజ్జిగ ఇచ్చింది.

"ఆఖర్న దాన్ని ఏం చేస్తారు నాయనా?" అనడిగింది.

"చచ్చిపోద్దండి. ఎప్పుడూ అంతే," అన్నాడు గ్లాసు ఎత్తి తాగుతూ.

"ఎండ ముదిరిపోతోంది, ఇంకో గ్లాసు తాగు," అని ఆవిడ చెంబు వంచింది.