ఇంటికొక చిన్న కంప్యూటరు

ఎద్దును కొనబోవు రైతు దాని కొమ్ములకు పూసిన రంగును చూచి సొమ్ము చెల్లింపడు. పండ్లు చూచును, నడిపించి చూచును, కాడి కట్టి నాలుగు చాళ్లు దున్నించి చూచును. కంప్యూటరును కొనబోవు గృహస్థుడు మాత్రము నేడు తఱచుగా పెట్టె నునుపును, దానిపై వెలుగు దీపములను చూచి బేరము ముగించుచున్నాడు. ఒక కుటుంబము సంవత్సరము పొడుగున కూడబెట్టిన ధనము ఒక్క సాయంకాలమున అంగడివాని గల్లాపెట్టెలో పడుచున్నది. ఆ యంత్రము మూడు నాలుగేండ్లకు మందగించి మూల చేరినచో, రెండవదానిని కొను శక్తి ఆ కుటుంబమునకు వెంటనే కలుగదు. పదవ తరగతికి వచ్చిన కుమార్తెకు పాఠములు వినుటకును, తండ్రికి చిల్లర కొట్టు లెక్కలు వ్రాసికొనుటకును ఆధారము లేకపోవును. కావున ఈ కొనుగోలు తేలికగా చూడదగిన విషయము కాదు.

పుస్తకమంత చోటున ఇమిడిపోవు చిన్న కంప్యూటర్లు ఇప్పుడు విరివిగా దొరకుచున్నవి. వీనిని అంగళ్లలో మినీ పీసీలు అందురు. పండితులు సంగణకమనియు, గణనయంత్రమనియు పేర్లు పెట్టిరి గాని, ఆ పేర్లతో అడిగినచో అంగడివాడు క్యాలిక్యులేటరును చేతికిచ్చును! ఇట్టి పెట్టెలలో దేనిని కొనవలెనని నన్నెవరైన అడిగినచో నేను చెప్పు మాట యొక్కటియే. మూత తెరచుటకు వీలైనదానిని, తెరచిన పిమ్మట లోని భాగములను మార్చుటకు వీలైనదానిని కొనుడు. వేగము, అందము, కంపెనీ పేరు దాని తరువాతివి.

కంప్యూటరు ఇంత చిన్నదగుట ఒక్కనాట జరిగిన పని కాదు. 1956వ సంవత్సరమున ఐ.బి.యమ్. కంపెనీవారు ప్రకటించిన మొదటి హార్డు డిస్కులో రెండడుగుల వ్యాసముగల పళ్లెములు 50 ఉండెడివి. అంత పెద్ద యంత్రమున దాచగలిగినవి 50 లక్షల అక్షరములు మాత్రమే. నేడు మీరు ఫోనుతో తీయు ఒక్క ఛాయాచిత్రమునకు అది చాలకపోవచ్చును. మన దేశమున బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థవారు నిర్మించిన టిఫ్రాక్ అను కంప్యూటరు 1960లో పనిచేయ నారంభించెను. దానికి ఒక గది కావలసివచ్చెను. మన హైదరాబాదులో 1967లో స్థాపింపబడిన ఈ.సి.ఐ.యల్. సంస్థ 1969లో టి.డి.సి.-12 అను కంప్యూటరును తయారుచేసెను. ఇక ఇండ్లలో వాడు కంప్యూటరును చిన్న పెట్టెలోనికి తెచ్చినవానిలో ప్రసిద్ధమైనది ఆపిల్ కంపెనీవారి మ్యాక్ మినీ. అది 2005లో వెలువడెను. ఆ పిమ్మట ఇంటెల్ వారు నక్ అను పేర నాలుగంగుళముల చదరపు పెట్టెలను చేసిరి. 2023లో వారు ఆ వ్యాపారమును విడువగా ఆసుస్ వారు దానిని చేపట్టిరి. లెనోవో, డెల్, హెచ్.పి. కంపెనీలవారు కార్యాలయముల కొఱకు చేయు పెట్టెలు జానెడు పొడవు, జానెడు వెడల్పు, రెండు వ్రేళ్ల మందము ఉండును. లీటరు పాలు పట్టు చెంబులోని చోటెంతయో వానిలోని చోటు ఇంచుమించుగ అంతియే.

లోపల ముఖ్యముగా మూడు భాగములు గలవు. లెక్కచేయునది ప్రాసెసరు. చేయుచున్న పనిని ఎదుట పఱచుకొనునది ర్యాము. విద్యుత్తు ఆగినను చెడక దాచియుంచునది డిస్కు. వ్రాతబల్ల వద్ద కూర్చున్న విద్యార్థిని తలచుకొనుడు. అతని బుద్ధి ప్రాసెసరు, బల్ల ర్యాము, ప్రక్కగదిలోని పుస్తకముల బీరువా డిస్కు. బల్ల చిన్నదైనచో ఒక పుస్తకము దింపి మఱియొకటి తెచ్చుకొనుటకు అతడు మాటిమాటికి లేవవలెను. ఎంత బుద్ధిమంతుడైనను కాలము నడకకే సరిపోవును. సామాన్యముగా మనయిండ్లలో కంప్యూటరు మందగించినదనగా బుద్ధి మందగించినట్లు కాదు. బల్ల చాలలేదు, లేదా బీరువా దూరమైనది. అంగడివాడు మాత్రము ప్రాసెసరు పేరునే పదిమార్లు చెప్పును.

బీరువా దూరమనుట ఎట్లు? పాతకాలపు హార్డు డిస్కులో పళ్లెము నిమిషమునకు 5,400 మార్లో, 7,200 మార్లో తిరుగును. దానిపై ఒక సన్నని ముల్లు ముందునకు వెనుకకు కదలి, కావలసిన చోటు క్రిందికి వచ్చువఱకు వేచియుండవలెను. ఒక్కొక్క వెదకుటకు సెకనులో నూఱవ వంతు పట్టునని చెప్పవచ్చును. వినుటకు స్వల్పమే. కాని కంప్యూటరు మేలుకొనునపుడు వేలకొలది చిన్న చిన్న దస్త్రములను వెదకవలెను. అందుచేత నిమిషములు గడచును. ఎస్.ఎస్.డి. అను క్రొత్త డిస్కులో పళ్లెము లేదు, ముల్లు లేదు, కదలునదేదియు లేదు. వెదకుటకు పట్టు కాలము హార్డు డిస్కుకంటె అనేక రెట్లు తక్కువ.

నేనెఱిగిన యొక గ్రామ గ్రంథాలయమున ఇట్టి యంత్రమొకటి ఉండెడిది. ఉదయము మీట నొక్కి, వీధిలో కాఫీ త్రాగి వచ్చినను తెర ఇంకను సిద్ధము కాకుండెడిది. క్రొత్తది కొనుటకు చందాలు వేయవలెనని పెద్దలు నిశ్చయించుకొనిరి. ఆ యూరి యువకుడొకడు మూత తెరచి చూచెను. నాలుగు జీబీల ర్యాము పలక యొకటి యుండెను. దాని ప్రక్కన రెండవ పలకకు చోటు ఖాళీగా నుండెను. అతడచట అంతటిదే మఱియొకటి అమర్చి, హార్డు డిస్కును తీసి ఎస్.ఎస్.డి.ని బిగించెను. ప్రాసెసరును ముట్టుకొననైన లేదు. ఇప్పుడు పత్రిక మడత విప్పి మొదటి పుట చూచులోపల తెర సిద్ధమగుచున్నది. చందాల సొమ్ముతో వారు పుస్తకములు కొనిరి. ఖాళీ చోటు లేకుండ పలకను మదర్‌బోర్డునకే అతికియుంచిన యంత్రమైనచో ఆ యువకుడు ఏమియు చేయలేకపోయెడివాడు.

అట్లు అతికించు పద్ధతి నేడు పెరుగుచున్నది. మ్యాక్ మినీ చరిత్రయే చూడుడు. తొలి యంత్రములలో ర్యామును మార్చుకొనవచ్చును. 2014 నాటి యంత్రమున దానిని అతికివేసిరి. 2018లో మరల మార్చుకొను వీలు వచ్చెను. 2020 నుండి వారు స్వయముగా రూపొందించుకొన్న చిప్పుతోనే ర్యామును కలిపియుంచుచున్నారు. ఇక దానిని పెంచుట కొన్నవారి తరము కాదు. ఇంగ్లండున కేంబ్రిడ్జిలో పుట్టి, 2012లో వెలువడిన రాస్ప్‌బెర్రీ పై అను అట్టముక్కంత కంప్యూటరును అట్టిదే. కాని అది పిల్లలు యంత్రవిద్య నేర్చుకొనుటకై అల్పమైన వెలకు చేసినది గనుక దానిని నేను తప్పుపట్టను.

అతికించుటకు కారణములు లేకపోలేదు. ర్యాము ప్రాసెసరునకు చేరువైనకొలది వేగము హెచ్చును, విద్యుత్తు తగ్గును, వేడి తగ్గును. చలనచిత్రములు కూర్చువారికి, సంగీతము ముద్రించువారికి అట్టి యంత్రము మేలు చేయును. వారు ముందుగనే తగినంత ర్యాముతో కొనుక్కొందురు. కాని సామాన్య కుటుంబమునకు ముందుగా పెద్ద మొత్తము పెట్టు శక్తి యుండదు. నేడు ఎనిమిది జీబీలతో కొని, రెండేండ్లకు చేతిలో నాలుగు రూపాయలు ఆడినపుడు మఱియొక ఎనిమిది కలుపుకొనుట వారి జీవితపద్ధతికి సరిపోవును. ఇల్లు కట్టువారు మేడకు మెట్లు విడిచి కట్టుకొనుట లేదా? ర్యాము వెలలును నిలకడగా ఉండవు. 2025 చివరి నెలలలో అవి మిక్కిలి పెరిగినవి. అట్టి వేళ కొనకుండ వేచియుండు స్వాతంత్ర్యము ఖాళీ చోటు గలవానికే కలదు.

చిన్నతనమునకు హద్దులును గలవు. పెద్ద ఆటలకు కావలసిన గ్రాఫిక్సు కార్డు ఈ చెంబంత పెట్టెలలో సామాన్యముగా పట్టదు. దానియందు ఆశ గలవారు, జనులు వాడుకగా సీపీయూ అని పిలుచు నిలువు పెట్టెనే కొనవలెను. అయితే చిన్న పెట్టెకు ల్యాప్‌టాపు వంటి అడాప్టరు చాలును. దానిపై తఱచుగా 65 వాట్లనియో, 90 వాట్లనియో వ్రాసియుండును. కరెంటు పోవు ఊళ్లలో ఇంటి ఇన్వర్టరుపైననే ఇది నడచును. పరీక్షల కాలమున ఈ గుణము ఎంత విలువైనదో మీకు చెప్పనక్కఱలేదు.

క్రొత్తదే కొనవలెనను నియమమును లేదు. పెద్ద కార్యాలయములు కొన్నేండ్ల కొకమాఱు తమ యంత్రములను మార్చుకొనుచుండును. అట్లు వచ్చిన చిన్న పెట్టెలు సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడు సెంటరు వంటి చోట్ల సెకండు హ్యాండు ధరకు దొరకును. ఇచట మోసపోకుండుటకు ఒక్క విషయము నేర్చుకొనవలెను. అంగడివాడు ఐ5 అని మాత్రమే చెప్పినచో చాలదు. 2012 నాటి ఐ5 కలదు, 2022 నాటి ఐ5 కలదు. పేరులో గీత తరువాతి అంకెలను చదువుడు. 8500 అని యున్నచో ఎనిమిదవ తరము, 10500 అని యున్నచో పదవ తరము, 3470 అని యున్నచో మూడవ తరము. విండోసు 10నకు మైక్రోసాఫ్టు వారి సాధారణ రక్షణ 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసెను. విండోసు 11 ఇంటెల్ ప్రాసెసర్లలో సామాన్యముగా ఎనిమిదవ తరము మొదలుకొనియే అంగీకరించును. అంతకు పూర్వపు యంత్రము ఉచితముగా దొరకినను, దానిపై లినక్సు నడుపుటకు సిద్ధపడినవారే తీసికొనవలెను. లినక్సులో తెలుగు చక్కగా నడచును. మన లిపి 1991 నుండియు యూనికోడులో ఉన్నది. కొనుటకు ముందు అరగంట నడిపించి ఫ్యాను శబ్దము వినుడు. అడాప్టరు దానితో వచ్చినదేనా యని చూడుడు. ఇంటనున్న పాత మానిటరు తీగ ఈ పెట్టెకు పొసగునో లేదో ముందే తెలిసికొనుడు.

పాతదానిని బాగుచేసి వాడుటలో ధనము కాక మఱియొక ప్రయోజనము కలదు. 2022వ సంవత్సరమున లోకమంతట 6 కోట్ల 20 లక్షల టన్నుల విద్యుత్ పరికరములు వ్యర్థములయ్యెనని ఐక్యరాజ్య సమితి సంస్థలు ప్రకటించినవి. అందు నాలుగవ వంతు కంటె తక్కువ మాత్రమే సక్రమముగా సేకరింపబడినట్లు లెక్క తేలినది. తక్కినదానిలో కొంత దిబ్బలపై తగులబడును. తీగలలోని రాగి కొఱకు ఆ పొగలో పనిచేయువారిలో పిల్లలును గలరు. మన దేశమున 2023 ఏప్రిల్ 1 నుండి క్రొత్త నియమములు అమలులోనికి వచ్చి, వ్యర్థముల బాధ్యతను తయారీదారులపై మోపినవి. మంచిదే. కాని వస్తువును నాలుగేండ్లు కాక పదేండ్లు వాడుట ఏ నియమమునకును వేచియుండనక్కఱలేని పని.

భాగములు మార్చుట కష్టమా యనగా, సైకిలు గొట్టమునకు పంక్చరు వేయుటకంటె కష్టము కాదు. అయినను పెద్దలను దగ్గఱ నుంచుకొనియే చేయుడు. ముందుగా దాచవలసినవానికి నకలు తీసియుంచవలెను. పిమ్మట ప్లగ్గును పూర్తిగా ఊడదీసి, ఒంటిలోని విద్యుత్తు పోవుటకై పెట్టె లోహభాగమును తాకవలెను. ర్యాము పలకలు డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 అని భేదములు గలవి. వాని అంచున గంటు వేర్వేఱు చోట్ల ఉండును గనుక ఒకదాని చోట వేఱొకటి పట్టదు. ఈ చిన్న పెట్టెలకు తఱచుగా ల్యాప్‌టాపు పలకయే కావలెను. దానిని కొంచెము వాలుగా చొప్పించి, మెల్లగా క్రిందికి వంచినచో ఇరుప్రక్కల కొక్కెములు టక్కున పట్టుకొనును. పట్టనిచో బలము చూపరాదు. గంటును మరల చూడవలెను. ఎమ్.2 అను సన్నని ఎస్.ఎస్.డి. పలకలలో సాటా, ఎన్‌వీఎమ్ఈ అని రెండు జాతులు ఒకే పోలికగా ఉండును. యంత్రము ఏ జాతిని అంగీకరించునో కంపెనీవారి పుస్తకములో చదివి మఱి కొనుడు.

మన వేసవులలో ఈ పెట్టెలకు శత్రువులు రెండు, వేడియు ధూళియు. కొందఱు ఇంటావిడ కుట్టిన తొడుగును యంత్రము నడచుచుండగనే కప్పుదురు. అది ముచ్చటయే గాని లోపల ఊపిరాడదు. వేడి హెచ్చినపుడు ప్రాసెసరు తన్ను కాపాడుకొనుటకై తానే నెమ్మదించును. ఏడాదికొకమాఱు మూత తీసి మెత్తని కుంచెతో ఫ్యాను ఱెక్కలను తుడిచినచో చాల యంత్రములు తేరుకొనును. మఱియొక వింత తెగులు కలదు. గడియారము వెనుకటి సంవత్సరమేదో చూపును. అంతర్జాలమున ఏ పుటయు తెరువబడదు. యంత్రము పాడైనదని యజమాని క్రొత్తదానికి బేరమాడ సాగును. లోపల నాణెము వంటి చిన్న బ్యాటరీ యొకటి కలదు. యంత్రము ఆపియున్నపుడు తేదీని కాచునది అదియే. తేదీ తప్పినందున దూరపు కంప్యూటర్లు చూపు గుర్తింపు పత్రములు చెల్లనివిగా కనబడి, పుటలు రాకున్నవి. ఆ బ్యాటరీ పేరు సీఆర్2032. గడియారముల అంగడిలో కొలది రూపాయలకు దొరకును.