విందునకు పనికిరాని సంగటి

ఉగాది విందునకు ఏమి వండింపవలెనను విషయమై గడచిన కార్యవర్గ సమావేశమున ముప్పావు గంట చర్చ జరిగినది. సంఘపు జమాఖర్చులకు ఆనాడు పది నిమిషములే దొరకినవి. అది వేరు మాట. చర్చ నడుమ డెబ్బది యేండ్లు దాటిన సభ్యురాలొకామె లేచి, "ఈ తడవ రాగిసంగటి, ఊరుబిండి, మిరియాల చారు పెడదాం నాయనా. వండేదానికి నేనొస్తాను" అని పలికినది. సభలో నవ్వులు పుట్టినవి. "పెద్ద మనుషుల్ని పిలిచి సంగటి పెడితే ఏమనుకుంటారమ్మా?" అని ఒకరు, "సంగటి తినేదానికి సంఘమెందుకు?" అని మరియొకరు. తుదకు చెన్నపట్టణమునుండి వంటవారిని రప్పించి, గోంగూర, కందిపొడి, ఆవకాయలతో 'ఆంధ్రా మీల్సు' పెట్టింపవలెనని తీర్మానమైనది. తీర్మానము ఏకగ్రీవము. నేనును చేయెత్తితిని. ఆ చేయి దించుకొనుటకే ఇప్పుడీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఆనాడు నవ్వినవారిలో ఒకరిని నేను మూడేండ్ల క్రిందట ఆసుపత్రిలో చూచితిని. శస్త్రచికిత్స జరిగి నాలుగవ దినము. మంచము ప్రక్కన రొట్టె, ఇడ్లీలు, పండ్లరసము, అన్నియు నుండెను; ఆయన దేనిని ముట్టలేదు. ఏమి కావలెనని కోడలు అడుగగా ఆయన కోరినది గోంగూర కాదు, ఆవకాయ కాదు. "చారన్నం మెత్తగా పిసికి తీసుకురామ్మా" అనెను. ఆమె తెచ్చినది. రెండు ముద్దలు తిని ఆయన కన్నుల నీరు పెట్టుకొనెను. ఆయన పేరు చెప్పను. చెప్పనక్కరయును లేదు, అట్టి దినము మనలో ప్రతివానికిని ఒకటి వచ్చియే యుండును.

పరీక్ష తప్పి వచ్చిన పిల్లవానికి తల్లి పెరుగన్నము కలిపి ఊరగాయ ముక్క అంచున పెట్టును. పొదటూరుపేటలో నూలు కరువై మగ్గము ఆగిన ఇంట, సాయంకాలమునకు అంబలియు, మజ్జిగ మిరపకాయలును మిగులును. ఆ ఇంటివారికి అదియే ధైర్యము. చావు జరిగిన ఇంట పొయ్యి వెలిగింపరు. ఇరుగుపొరుగువారు వండి తెచ్చునది ఏమి? పప్పును చారును అన్నమును. ఎవరును ఆనాడు పులిహోర తేరు. వేదనలో మనుష్యుడు ఏమి తినగలడో మన ఆడువారికి ఎవరును నేర్పలేదు, ఐనను వారికి తెలియును. ఇట్టి తిండికి ఆంగ్లమున ప్రత్యేకముగ ఒక పేరు కలదు. మనము కావలెనన్న 'ఊరట కూడు' అనవచ్చును.

తిరువళ్ళూరు వీరరాఘవస్వామి కోనేటి పేరు మన పాఠకులకు క్రొత్తగాదు. హృత్తాపనాశిని. హృదయతాపమును పోగొట్టునది. అమావాస్యనాడు దూరదూరమునుండి వచ్చు భక్తులు అందులో బెల్లము కరగవిడుతురు. ముత్యము కాదు, పచ్చకర్పూరము కాదు, ప్రతి వంటింటను ఉండు బెల్లము. మనసులోని బాధ తీరుటకు ఏ పదార్థము తగునో ఆ ఆచారమును ఏర్పరచినవారికి మన కార్యవర్గముకంటె బాగుగ తెలిసియుండెనని తోచుచున్నది.

ఇక సంగటిని కాదన్నవారి వాదములను చూతము.

మొదటిది: అది కూలివాండ్ర కూడు. ఔను, కాయకష్టము చేయువారి కూడే. మన తాతముత్తాతలలో మడక దున్ననివారు, మగ్గము నేయనివారు, బండి తోలనివారు ఎందరు? నూకలు మెత్తగ ఉడికించి, వానిమీద రాగిపిండి కుప్పగా పోసి, కదపక ఆవిరిపట్టనిచ్చి, ఆ మీదట కాళ్ళతో కుండను అదిమిపట్టి తెడ్డుతో ఉండ కట్టకుండ కెలుకుట యెంతటి పనియో ఒకమారు చేసి చూచినవానికే తెలియును. చేయి తడిచేసికొని వేడివేడిగ ముద్ద కట్టుట అంతకంటె కష్టము. అట్టి పని చేతకానివాడు దానిని తక్కువ వంట అనుట నాకు వింతగ నున్నది. నూరు గ్రాముల రాగులలో మూడు వందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియము కలదని పోషకాహార శాస్త్రజ్ఞులు చెప్పుదురు. అది బియ్యమునందు ఉన్నదానికి ఎన్నో రెట్లు. 2023వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగ ప్రకటించినది. ఇప్పుడు పెద్ద హోటళ్ళలో నాటుకోడి పులుసుతో సంగటి ముద్దను వెండిరంగు పళ్ళెములో పెట్టి అమ్ముచున్నారు. అక్కడ బేరమాడక కొని తినువారే ఇక్కడ నవ్వినవారు. సంగటి తిన్నంతనే మధుమేహము పారిపోవునని చెప్పువాడను మాత్రము కాను. అట్లు చెప్పువారి మాటయు నమ్మవలదు.

శ్రీనాథుడు పలనాటి జొన్నకూటిని ఎగతాళి చేసెను గదా అని మన పండితులొకరు సమావేశానంతరము నాతో అనిరి. ఆ చాటువులు ఆయన పేర చెప్పుకొనునవి. ఆయనవే అనుకొందము. వానిలో వినబడునది యేమి? సన్నబియ్యపు అన్నమునకు అలవాటుపడినవాడు పరాయిచోట దానికై మొగము వాచిన ఆక్రోశము. కవిసార్వభౌముడంతటివానికిని పుట్టినింటి కూడు కావలసివచ్చెను. ఆ చాటువులు నా ప్రక్కనే సాక్ష్యము చెప్పుచున్నవి.

రెండవ వాదము మరింత ప్రమాదకరమైనది: సంగటి తెలుగువంట కాదు, అది అరవల 'కళి'యే, చారు వారి 'రసము', కావున తెలుగువారి పండుగనాడు తెలుగు ముద్ర గల వంట ఉండవలెను. ఈ మాట విన్నప్పుడు నాకు నవ్వును ఏడుపును ఒక్కమారే వచ్చినవి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు తిరుత్తణి అందులోనిది. 1960 ఏప్రిల్ 1వ తేదీన, పటాస్కర్ నిర్ణయము ననుసరించి పార్లమెంటు చేసిన చట్టము చొప్పున, తిరుత్తణి ప్రాంతము మదరాసు రాష్ట్రమున చేరెను. సత్యవేడు ప్రాంతము ఆంధ్రప్రదేశ్‌లో చేరెను. ఆ ఉదయమున సరిహద్దు గీత మారినది. పొయ్యిమీది కుండ మారినదా? మార్చి 31వ తేదీ రాత్రి మిగిలిన సంగటిలో మజ్జిగ పోసి మరునాడు ఉదయమున త్రాగినవారు ఏ రాష్ట్రపు అంబలి త్రాగినట్లు?

ఒకే కుండకు రెండు పేర్లుండుట దోషము కాదు. 2015 డిసెంబరు వరదలలో మా ప్రక్కనున్న బడిలో తలదాచుకొన్న జనమునకు రొట్టెలు, పాలపొట్లములు, పులిహోర పొట్లములు వచ్చినవి. తెచ్చినవారు పుణ్యాత్ములు, వారిని ఒక్క మాట అనను. కాని మూడవనాడు ఒక ముసలామె మూడు రాళ్ళు పెట్టి, ఎవరి ఇంటినుండియో తెచ్చిన చింతపండు, మిరియములు, జీలకర్ర వేసి చారు కాచినది. పోపు వాసన వరండా దాటకముందే వరుస కట్టిరి. ఆ వరుసలో 'చారు' అన్నవారును 'రసము' అన్నవారును ఉండిరి. ఆమె ఎవరిని భాష అడుగలేదు. చెన్నపట్టణమున కాపురముండిన ఆంగ్లేయులు సైతము ఈ మిరియాల నీటిని తమ నాలుకకు తగినట్లు మార్చుకొని 'ముల్లిగటాని' యను పేర సీమకు కొనిపోయిరి. ఆ పేరు తమిళపు 'మిళగు తణ్ణీర్' నుండి పుట్టినది. వారు వంట మార్చిరి కాని పేరు విడువలేదు. మనమో, వంట మార్చకయే పేరును విడుచుచున్నాము.

గుంటూరు కారమునందు నాకు ద్వేషము లేదు. గోంగూర రుచిగ నుండును, నేనును తిందును. కాని కృష్ణ యొడ్డున ఉన్నవారి విస్తరిని హోటలువాని చేత వడ్డింపించుకొని, ఇదియే మా అవ్వ చేతివంట యని అతిథులకు చెప్పుట అబద్ధము. పళ్ళిపట్టులోను, తిరుత్తణిలోను మన అవ్వలు వండినది సంగటి, ఊరుబిండి, సంక్రాంతి నెలలో అనపగింజలను నానబెట్టి పితికి చేసిన పితికిపప్పు. మనము తెలుగువారమని నిరూపించుకొనుటకు పరాయి జిల్లా ఎంగిలి అరువు తెచ్చుకొనవలసిన గతి మనకు లేదు.

మూడవ వాదము చదువుకొన్న యువకులది. తిండి వలన మనస్సునకు ఊరట యనునది భ్రమయని శాస్త్రము తేల్చినదట. వారు చెప్పునది పూర్తిగ తప్పు కాదు. 2014లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమువారు కొందరికి దుఃఖము కలిగించు దృశ్యములు చూపి, కొందరికి వారికి ప్రియమైన తిండిని, కొందరికి వేరు తిండిని పెట్టి, కొందరికి ఏమియు పెట్టక పరీక్షించిరి. అందరి మనస్సును ఇంచుమించు ఒకే విధముగ తేరుకొనెను. సరియే. కాని 2011లో బఫెలో విశ్వవిద్యాలయమువారు చేసిన పరిశోధనను మన యువకులు చదువలేదు కాబోలు. తిండి ఊరటనిచ్చుట అది మనకు గుర్తుచేయు మనుష్యుల వలననని, ఒంటరితనమును అది తగ్గించుననియు వారు కనుగొనిరి. ఈ రెంటిని కలిపి చదివినచో నా వాదమే బలపడును. పదార్థములో మందు లేదు. పెట్టిన చేతిలో ఉన్నది. ఆసుపత్రిలో ఆ పెద్దమనిషి కన్నీరు పెట్టుకొన్నది చింతపండునకు కాదు. కాబట్టియే చెన్నపట్టణపు వంటవాని విస్తరి ఆ పని చేయజాలదు. వానికి డబ్బిచ్చి మనము రుచిని కొనగలము, మన అవ్వను కొనలేము.

ఆ చేయి ఇంకెంతకాలము ఉండును? నా మనుమరాలు ఇంజినీరింగు చదువుచు హాస్టలులో ఉన్నది. పరీక్షల కాలమున ఒక రాత్రి ఫోను చేసి ఏడ్చినది. ఏమి తింటివమ్మా యని అడిగితిని. నూడిల్సు, చాక్లెట్లు, మరల నూడిల్సు. కలత ఎక్కువైనకొలది తీపిని కొవ్వును కోరుట దేహధర్మమని 2003లో కాలిఫోర్నియాలోని పరిశోధకులు ఎలుకలపై చూపిరి. పిల్లను తిట్టి లాభము లేదు. ఏమి తినాలని ఉన్నదని అడిగితిని. కొంచెము సేపు ఊరకుండి, "చిన్నప్పుడు అవ్వ పెట్టేది కదా తాతా, ఉండలాగా, బ్రౌన్‌గా... దాని పేరేంటి?" అన్నది.

దాని పేరేమి అని అడిగినది. ఆకలి గుర్తున్నది, చేయి గుర్తున్నది, పేరు పోయినది. పేరు తెలియనిదానిని ఎవరిని అడుగును? అడిగినను ఎవరు వండిపెట్టుదురు? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మన సభలలో ఒక ఓదార్పు మాట తరచుగ వినబడును: బడిలో తెలుగు పోయినను వంటింటిలో మిగులును, భయము లేదు అని. 2006నాటి తమిళ అభ్యసన చట్టము క్రింద తమిళము ఒకటవ తరగతినుండి మొదలై ఏడాదికొక తరగతి చొప్పున తప్పనిసరియై 2015–16నాటికి పదవ తరగతిని చేరెను. మన పిల్లలు తమిళము నేర్చుట మంచిదే. ఈ నేలపై బ్రదుకువారికి అది అవసరమును, గౌరవమును. దానితోపాటు తెలుగు చదువుకొను వీలుకై మన పెద్దలు కోర్టులవరకు వెళ్ళి పోరాడుచునే యున్నారు. నేనడుగునది వేరు. బడిలో పోయినదానిని వంటింట నిలుపుకొందుమని చెప్పినవారే వంటింటిని హోటలువానికి అప్పగించు తీర్మానమునకు చేయెత్తినారు గదా! ప్రతి సెప్టెంబరు 5న, 1888లో తిరుత్తణిలో పుట్టిన రాధాకృష్ణ పండితుని పటమునకు మాల వేసి ఉపన్యసింతుము. పటమునకు మాల వేయుట సులభము. తెడ్డు పట్టుట కష్టము.

కావున నా కోరిక ఇది. ఆ తీర్మానమును వచ్చు సమావేశమున పునరాలోచింపవలెను. హోటలువానికి బయానా ఇచ్చియుండినయెడల, నా వాటా నష్టమును నేను భరింతును. విందు వంటను ఆ పెద్దమ్మకును, ఆమె పిలిచిన నలుగురికిని అప్పగింపవలెను. వారి ప్రక్కన పదునాలుగేండ్లు దాటిన పిల్లలను, ఆడపిల్లలనే కాదు, మగపిల్లలనును, నిలువబెట్టి నూకలు కడుగుట మొదలు ముద్ద కట్టుటవరకు చేయింపవలెను. ప్రతి వంటను దాని పేరుతో, కొలతతో, తెలుగు లిపిలో పిల్లలచేతనే వ్రాయించి ఈ పత్రికలో వారమునకొకటిగ అచ్చువేయవలెను. తమిళ మిత్రులను తప్పక పిలువవలెను. వారు కళి యన్నను మనము సంగటి యన్నను ముద్ద చల్లారకమునుపే విస్తరిలో పడవలెను.

అతిథులు నవ్వుదురని భయపడువారు అతిథుల ప్రక్కన కూర్చుండవచ్చును. నేను మాత్రము ఆనాడు వంటకొట్టములోనే ఉందును. మనుమరాలికి ఉగాదికి రమ్మని ఉత్తరము వ్రాసితిని. రాగిపిండి మర పట్టించితిని. అటకమీదనున్న మా అమ్మ తెడ్డును దింపి కడిగి ఎండబెట్టితిని. పిడి కొంచెము చీలినది, వడ్రంగి బుధవారము వచ్చెదనన్నాడు.