గాలం సరదా సరే, వాగు సొంత చేప మాటేమిటి?

ఈకలు, దారంతో ఈగలా కట్టిన గాలాన్ని నీటిపై విసిరి బ్రౌన్ ట్రౌట్ చేపను పట్టడం హిమాచల్ ప్రదేశ్‌లోని తీర్థన్ లోయలో పేరున్న క్రీడ. దానివల్ల స్థానికులకు ఉపాధి దొరుకుతోంది. నది శుభ్రంగా ఉండాలని కోరేవారూ పెరుగుతున్నారు. ఇదంతా మంచిదే.

అయితే ఈ చేప హిమాలయాలది కాదు. బ్రిటిష్ పాలనలో, 1900 ప్రాంతంలో కాశ్మీర్‌కూ, 1909లో కులూ ప్రాంతానికీ తెచ్చి పెంచారు. ప్రపంచంలో అత్యంత హానికరమైన 100 చొరబాటు జాతుల జాబితాలో ఇదీ ఉంది.

ఈ వాగుల సొంత చేప స్నో ట్రౌట్. పేరులో ట్రౌట్ ఉన్నా ఇది కార్ప్ కుటుంబానికి చెందింది. రాళ్లకు పట్టిన నాచును గీరి తింటుంది. బ్రౌన్ ట్రౌట్ మాత్రం పురుగులతో పాటు చిన్న చేపలనూ తింటుంది. ఒకే వాగులో రెండూ ఉంటే నష్టపోయేది స్నో ట్రౌటే.

నూరేళ్లుగా స్థిరపడిన బ్రౌన్ ట్రౌట్‌ను ఇప్పుడు పూర్తిగా తొలగించలేం. కానీ అది ఇంకా చేరని వాగుల్లో దాని పిల్లలను వదలకుండా ఉండగలం. గాలం లైసెన్సుల ఆదాయంలో కొంత స్నో ట్రౌట్‌ను లెక్కించడానికి కేటాయించాలి. నీరు తేటగా ఉన్నంత మాత్రాన వాగు ఆరోగ్యంగా ఉన్నట్టు కాదు. అందులో పుట్టి పెరిగిన చేపలూ మిగలాలి.