లెక్కకు తెలుగు చాలదా?

“పరీక్ష ఇంగ్లీషులోనో, రాష్ట్రభాషలోనో వ్రాయవలసియుండగా బీజగణితమునకు తెలుగేల?” అని మనవారిలో పలువురు ప్రశ్నించుచున్నారు. చదువుకొన్న పెద్దలే ఇట్లు పలుకుట మిక్కిలి విచారకరము. పరీక్ష తెలుగులో వ్రాయుమని మేము చెప్పుటలేదు. పిల్లవాడు ఆలోచించు భాషను ఇంటి గడపలోపల సైతము అణచివేయవద్దని మాత్రమే కోరుచున్నాము.

పదవ తరగతి పిల్లవాడు వర్గ సమీకరణముల ఇంటిపని చేయు తీరును గమనింపుడు. గైడు తెరచును, సూత్రమును ఎత్తి వ్రాయును, సంఖ్యలను అందులో దించును, రెండు జవాబులు వ్రాసి పుస్తకము మూయును. ఆ రెంటిలో ఏది చెల్లును, ఏల చెల్లును అని అడిగినచో మౌనమే సమాధానము. తండ్రి “మాకా లెక్కలు రావు” అని తప్పుకొనును. తల్లి ట్యూషను రుసుము చెల్లించి ఊరకుండును. దీనిని చదువందుమా, నకలందుమా?

ఒక లెక్క చూతము. ఒక పొలము వెడల్పుకంటె పొడవు 4 గజములు హెచ్చు, వైశాల్యము 96 చదరపు గజములు, వెడల్పెంత? దీనిని ముగ్గుపిండితో నేలపై గీచి చూపవచ్చును. వెడల్పే భుజముగా ఒక చతురస్రము, దానిప్రక్క 4 గజముల పట్టీ ఒకటి: ఇదియే పొలము. పట్టీని నిలువుగా రెండు సగములు చేసి, ఒకదానిని ప్రక్కనే ఉంచి, రెండవదానిని చతురస్రము అడుగున చేర్చుడు. మూలలో 2 గజముల చతురస్రమంత వెలితి మిగులును. ఆ 4 చదరపు గజములను పూడ్చినచో మొత్తము 100. దాని భుజము 10. అందు 2 తీసివేయగా వెడల్పు 8, పొడవు 12. ఎనిమిది పన్నెండ్లు తొంబదియారు, లెక్క సరిపోయినది. “వర్గమును పూర్తిచేయుట” యన నిదియే. సూత్రము ఋణ సంఖ్యయైన −12ను గూడ ఇచ్చును. పొలమునకు ఋణమైన వెడల్పు ఉండదని త్రోసివేయవలసినది పిల్లవాని బుద్ధియే. ఆ బుద్ధి అర్థమెరిగిన భాషలోనే పనిచేయును.

తెలుగులో గణితము నిలువదనువారు చరిత్ర నెరుగరు. క్రీ.శ. 850 ప్రాంతమున, కన్నడదేశము నేలిన రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమున, మహావీరాచార్యుడు సంస్కృతమున గణితసారసంగ్రహము రచించెను. పావులూరి మల్లన దానిని ప్రాచీన కాలముననే తెనుగు పద్యములలోనికి తెచ్చెను. నేడు గైడులు అమ్ముకొను సూత్రము సైతము పరాయిది కాదు. వర్గ సమీకరణ సాధనకు బ్రహ్మగుప్తుడు 628లోనే నియమము చెప్పియున్నాడు. ఇరుప్రక్కలను వర్గ గుణకమునకు నాలుగు రెట్లచే గుణించి, అవ్యక్త గుణకము యొక్క వర్గమును కూడుమన్న శ్రీధరాచార్యుని నియమమును భాస్కరాచార్యుడు తన బీజగణితమున ఉదాహరించెను. మన పూర్వులు మాటలతో సాధించినదానిని మన పిల్లలకు మాటలలో చెప్పలేమనుట ఎంత లజ్జాకరము!

ప్రభుత్వముల బాధ్యతను మేము మరువలేదు. 1956లో ఏడవ సవరణచే రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణము, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో బోధించుటకు తగిన వసతులు కల్పింప యత్నించుట ప్రతి రాష్ట్రమునకు విధియని చెప్పుచున్నది. కాని ఆ మాట ప్రాథమిక దశకే పరిమితము. వర్గ సమీకరణము ఆ దశ దాటిన పిదపనే వచ్చును. హక్కులకై మహజరులు పంపుచునే ఉందము. అయితే మన ఇంటిలో మన బిడ్డతో మన భాషలో లెక్క మాటాడుటకు ఏ సర్కారు ఉత్తరువు కావలెను?

కావున సంఘపు ప్రతి శాఖయు వారమునకు రెండు సాయంకాలములు లెక్కల తరగతి నడుపవలెను. విశ్రాంతి పొందిన ఉపాధ్యాయులు ముందుకు రావలెను. తలిదండ్రులు బీజగణితము రాకున్నను మూడు ప్రశ్నలు తెలుగులో అడుగవచ్చును: “తెలియని రాశి ఏది? ఈ సంఖ్యను ఏల కూడితివి? జవాబును తిరిగి లెక్కలో పెట్టి చూచితివా?” ఈ మూడింటికి తెలుగున బదులు చెప్పగలిగిన బిడ్డ ఏ భాషలోనైనను పరీక్ష వ్రాయగలడు. చెప్పలేని బిడ్డకు ఎన్ని గైడులు కొన్నను ఆ ధనము వ్యర్థమే.