మాయ సంగతి కూడా చెప్పాలి

స్కానింగ్ అనగానే మనకు ముందు గుర్తొచ్చేది ఆడపిండాల హత్య. లింగనిర్ధారణ పరీక్షలకు వ్యతిరేకంగా స్త్రీల సంఘాలు ఏళ్ళ తరబడి పోరాడితేనే 1994లో చట్టం వచ్చింది. ఆ పోరాటం ఇంకా ముగియలేదు. అయితే అదే యంత్రం తల్లి ప్రాణాన్ని కాపాడగలదన్న సంగతి మనం తగినంతగా మాట్లాడటం లేదు.

మాయ సాధారణంగా గర్భసంచి పైభాగాన అంటుకుని ఉంటుంది. కొందరిలో అది కింద ఏర్పడి ముఖద్వారాన్ని కప్పేస్తుంది. నొప్పి లేకుండానే హఠాత్తుగా రక్తస్రావం మొదలవుతుంది. అలాంటప్పుడు మాయ ఎక్కడుందో స్కానింగ్‌లో చూడకుండా లోపలి పరీక్ష చేస్తే ప్రాణాల మీదికి రావచ్చు. అయిదో నెలలో మాయ కిందికి ఉందని చెప్పినంత మాత్రాన బెంబేలు పడనక్కర్లేదు. గర్భసంచి పెరిగేకొద్దీ చాలామందిలో అది పైకి జరుగుతుంది. జరిగిందో లేదో తెలియాలంటే 32 వారాలప్పుడు మళ్ళీ చూడాలి. పేద స్త్రీకి ఈ రెండో స్కానింగ్ దగ్గరే డబ్బూ, దూరమూ అడ్డొస్తాయి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ప్రతి 100 కాన్పుల్లో తెలంగాణలో దాదాపు 61, ఆంధ్రప్రదేశ్‌లో 42 సిజేరియన్లే. తర్వాతి గర్భంలో పాత కోత మచ్చ మీద మాయ అంటుకుంటే అది గర్భసంచి కండలోకి చొచ్చుకుపోవచ్చు. అప్పుడు కాన్పయ్యాక ఊడిరాదు, గర్భసంచినే తీసేయాల్సి వస్తుంది. 2006లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, మాయ అడ్డుపడిన స్త్రీలలో అంతకుముందు ఒక సిజేరియన్ అయినవారిలో 100కి 11 మందికి, రెండు అయినవారిలో 40 మందికి మాయ ఇలా పాతుకుపోయింది. అవసరం లేకున్నా కోసి పంపే ఆసుపత్రులు ఈ ముప్పు గురించి ఎంతమందికి చెబుతున్నాయి?

చట్టం ఉంది, ఏమీ చెప్పకూడదు అనేవారికి ఒకటే జవాబు. చట్టం దాచమన్నది బిడ్డ ఆడా మగా అన్నదొక్కటే. స్కానింగ్ కేంద్రాలు నింపే ‘ఎఫ్’ ఫారంలో, అనుమతించిన కారణాల జాబితాలో మాయ స్థానం, మందం, లోపాలు చూడటం కూడా ఉంది.

అలాగని స్కానింగ్‌నే నమ్ముకోకూడదు. మాయ ముందుగా విడిపోతే అది స్కానింగ్‌లో కనబడకపోవచ్చు. కడుపు గట్టిపడి, నొప్పితో రక్తం పోతుంటే, రిపోర్టు బాగుందని ఇంట్లో కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

కాబట్టి మనం అడగాల్సినవి ఇవి. మాయ ఎక్కడుందో గర్భిణికి చెప్పి, ఆమె కార్డు మీద తెలుగులో రాసివ్వాలి. మాయ కిందికి ఉన్నవారికి, పాత సిజేరియన్ ఉన్నవారికి రెండో స్కానింగ్ ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా చేయాలి. ప్రమాదం ఉందని తేలితే నొప్పులు రాకముందే, రక్తమూ ఆపరేషన్ సౌకర్యమూ ఉన్న చోటికి పంపాలి. ఆడపిల్లను పుట్టనివ్వమని పోరాడిన మనమే, ఆమెను కనే తల్లి బతకాలని కూడా పోరాడాలి.