చేలో కొట్టే మందూ, జేబులో సిగరెట్టూ

ఇవాళ మిర్చి ధర గురించి కాదు, సిగరెట్ గురించి రాస్తన్నా. ఇరవై రెండేళ్లు కాల్చినోణ్ణి, మానేసి 14 నెలలు. కాబట్టి రాసే హక్కు కొంత ఉందనుకుంటున్నా.

పత్తిలో పచ్చదోమ, పేనుబంక కనపడగానే ఇమిడాక్లోప్రిడ్ కొడతాం. ఆ జాతి మందుల్ని నియోనికోటినాయిడ్లు అంటారు. పేరులోనే నికోటిన్ ఉంది చూడండి. పొగాకు మొక్క తన ఆకుని పురుగు తినకుండా వేళ్లలో నికోటిన్ తయారుచేసుకుని పైకి పంపుద్ది. పురుగు నరాల మీద అది పనిచేసే చోటే మన మందూ పనిచేసుద్ది. మా తాత పొగాకు కషాయం కాచి కొట్టింది అందుకే. విషమని తెలిసి మూతికి గుడ్డ కట్టుకుని మందు కొడతాం, గట్టు మీదికొచ్చి చెయ్యన్నా కడుక్కోకుండా సిగరెట్ వెలిగిస్తాం. నేనూ అంతే చేశా.

మా బావది కొండపి దగ్గర, పొగాకు రైతు. మంచుకి తడిసిన పచ్చాకు కోసిన రోజు కూలీలకి తల తిరగటం, వాంతులు అవటం ఉంటది. ఎండదెబ్బ అనుకుంటారు. తడి ఆకులోని నికోటిన్ చర్మంలోంచి ఒంట్లోకి దిగినా అట్లాగే అవుద్ది. ఈ పోస్టు సంగతి చెబితే "ఏంది బామ్మర్దీ, నా పొట్ట మీద కొడతావా" అన్నాడు. లేదు బావా. పొగాకు బోర్డు 1976 నుంచి గుంటూరులోనే ఉంది, నువ్వు అనుమతి తీసుకునే వేశావు. రైతుని తప్పుపట్టను. బావ మాత్రం సిగరెట్ ముట్టడు, ఎందుకంటే నవ్వి ఊరుకున్నాడు.

నికోటిన్ మనల్ని కట్టేసే పలుపు. ఎక్కువగా చంపేది పొగ, అందులోని తారు, కార్బన్ మోనాక్సైడ్. పీల్చిన పది పదిహేను సెకన్లలో నికోటిన్ మెదడుకి చేరుద్ది, కాసేపటికి మళ్లీ కావాలంటది. మానేసిన మొదటి వారం ఇంట్లో అందరి మీదా అరిచా. అది తట్టుకోలేకే చాలామంది మళ్లీ మొదలుపెడతారు. 1800 11 2356కి ఫోన్ చేస్తే మానటానికి సాయం చేస్తారు, డబ్బులక్కర్లా.

మా నాన్న చుట్ట తాగేవాడు. నోట్లో పుండు నెలల తరబడి మానకపోతే పంటి నొప్పి అనుకున్నాం. గుంటూరు తీసుకెళ్లేసరికి ఆలస్యమైపోయింది. రెండు మూడు వారాల్లో మానని పుండుని వెంటనే చూపించండయ్యా.

పెట్టె మీద 85 శాతం బొమ్మ వేయించారు, బాగుంది. మన ఊళ్లో పెట్టె కొనేదెవరు? విడిగా ఒకటి, రెండు కొంటాం, బొమ్మ కొట్టాయన దగ్గరే ఉండిపోద్ది. బడికి వంద గజాల లోపు అమ్మకూడదని 2003 చట్టం చెబుతంది. మా బడి గేటు నుంచి కొట్టుకి నడిచి చూశా, నలభై అడుగులు. సోమవారం పంచాయతీలో అడగబోతన్నా. కొట్టాయన మాకు చుట్టమే, ఏమంటాడో చూడాలి.