ఆకాశంలో బావి లేదు, స్తంభం లేదు

పిల్లలూ! చిప్పగిరి చేలగట్టు మీద నిలబడి తలెత్తి చూస్తే, ఒక్కొక్కప్పుడు చాలా ఎత్తున, తెల్లని చారను వెనక వదులుతూ విమానం పోతూ కనిపిస్తుంది. మీరు చూసే ఉంటారు. పెద్ద విమానమైతే అందులో నూటయాభై, రెండు వందల మంది కూర్చుని ఉంటారు. వారికి దాహం వేస్తుంది. చేతులు కడుక్కోవాలి. టీ కాగాలి. దీపాలు వెలగాలి. పైలట్ల ముందున్న యంత్రాలన్నీ పని చెయ్యాలి. కాని ఆకాశంలో బావి లేదు, బోరింగు లేదు, కరెంటు స్తంభమూ లేదు. మరి నీరూ, విద్యుత్తూ వారికి ఎక్కడి నుంచి వస్తాయి?

ఈ సంగతి తెలుసుకునే ముందు, దగ్గరలోనే ఉన్న గుంతకల్లు జంక్షనుకు పోయి వద్దాం. అక్కడ రైలు ఆగగానే పనివాళ్లు రబ్బరు గొట్టాలు పట్టుకుని వచ్చి, ఒక్కొక్క పెట్టెకూ తగిలించి, దాని తొట్టి నింపుతారు. ఇక దీపాల మాట. పాతరకం పెట్టెల అడుగున ఒక డైనమో ఉంటుంది. చక్రాల ఇరుసు తిరిగితే బెల్టు తిరుగుతుంది, బెల్టుతో డైనమో తిరిగి కరెంటు పుడుతుంది. అంటే రైలు నీటిని మోసుకుపోతుంది, కరెంటును దారిలో పుట్టించుకుంటుంది. విమానం చేసేదీ ఇదే. అయితే రైలుకు ఒక సుఖం ఉంది. నీళ్లు అయిపోతే తరవాత వచ్చే పెద్ద స్టేషనులో పట్టుకోవచ్చు. విమానానికి దారిలో స్టేషను లేదు. బయలుదేరేటప్పుడు ఉన్నదే దిగేదాకా ఆధారం.

అలాగైతే బోలెడు నీళ్లు నింపుకుని పోవచ్చు గదా అని మీరు అడగవచ్చు. అక్కడే ఉంది చిక్కు. లీటరు నీరు కిలో బరువు తూగుతుంది. ఎక్కించిన ప్రతి కిలోనూ గాలిలో మోయడానికి ఇంధనం మండాలి. అందుచేత విమానంలో నీటిని బియ్యం కొలిచినట్టు కొలిచి పోస్తారు. మన దేశంలో ఎక్కువగా తిరిగే ఎయిర్‌బస్ ఏ320 అనే విమానం సంగతి చూద్దాం. దాని నీటి తొట్టిలో పట్టేది సుమారు 200 లీటర్లు. మీ ఇంటి బిందె 12 లీటర్లదైతే, పదహారు, పదిహేడు బిందెలన్నమాట. అందులో 180 మంది ఎక్కారనుకోండి. లెక్క కట్టి చూడండి. మనిషికి లీటరు మీద కొంచెం! ఎండాకాలంలో మీ అవ్వ చెంబుతో కొలిచి పోసే నీళ్లకన్న అదేమీ ఎక్కువ కాదు.

తొట్టి నింపడానికి విమానాశ్రయంలో మంచినీళ్ల బండి వస్తుంది. విమానం పొట్ట కింద ఒక చిన్న తలుపు ఉంటుంది. దాన్ని తెరిచి గొట్టం తగిలిస్తారు. మరుగుదొడ్డి మురికిని తీసుకుపోవడానికి వేరే బండి ఉంది. ఈ రెండు బండ్లూ ఎప్పుడూ కలవకూడదు. మురికి పని చేసిన మనిషి అవే చేతులతో మంచినీళ్ల గొట్టాన్ని ముట్టకూడదు. ఇది ఉత్త చాదస్తం కాదు. 2004లో అమెరికాలో అధికారులు విమానాల నీటిని పరీక్షిస్తే, కొన్నింటిలో ఉండకూడని సూక్ష్మజీవులు కనిపించాయి. దాంతో 2009లో అక్కడ విమానాల మంచినీటి కోసమే ప్రత్యేకంగా నియమాలు చేశారు. విమానం ఎక్కినప్పుడు తాగడానికి సీసా నీళ్లే అడగండి. మరుగుదొడ్డి కొళాయి నీళ్లు చేతులు కడుక్కోవడానికి మాత్రమే.

మేడమీది తొట్టి ఎత్తున ఉంటుంది గనుక దాని నీరు తనంతట తానే కిందికి దిగుతుంది. ఈ విమానంలో తొట్టి మనుషులు కూర్చునే చోటికి అడుగున ఉంటుంది. మరి నీరు పైకి ఎలా ఎక్కుతుంది? పత్తిచేలో మందు కొట్టే డబ్బాను గుర్తు చేసుకోండి. చేత్తో పంపు కొడితే లోపల ఒత్తిడి పెరిగి, మందు గొట్టం గుండా బయటికి చిమ్ముతుంది. ఇక్కడా అంతే. ఇంజనులో నొక్కబడిన గాలిని కొంత తెచ్చి తొట్టిలోకి పంపుతారు. ఆ గాలి నెట్టితే నీరు కొళాయిదాకా వస్తుంది.

చేతులు కడిగిన నీరు విమానం పొట్ట కింద ఉన్న చిన్న గొట్టం గుండా బయటికి పోతుంది. ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తున బయట చలి సున్నాకు దిగువన 50 సెంటీగ్రేడు డిగ్రీలు దాటి ఉంటుంది. నీరు గొట్టంలోనే గడ్డకట్టుకుపోతుంది. అందుకని ఆ గొట్టాన్ని కరెంటుతో వేడిగా ఉంచుతారు. మరుగుదొడ్డి మురికిని మాత్రం బయటికి వదలరు. దాన్ని వేరే తొట్టిలో దాచి, నేల మీదికి దిగాక తీసివేస్తారు. దాన్ని తొట్టిలోకి లాగేది నీరు కాదు, గాలి. విమానం లోపలి గాలికి ఒత్తిడి ఎక్కువ, బయటి గాలికి తక్కువ. ఆ తేడాతో ‘సుయ్’మని లాగుతుంది. అందుచేత ఒక గ్లాసెడు నీళ్లతోనే పని జరిగిపోతుంది.

ఇక కరెంటు సంగతి. ఏ320కి రెండు ఇంజనులుంటాయి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క జనరేటరు తగిలించి ఉంటుంది. ఒక్కొక్కటీ 90 కె.వి.ఏ. శక్తి ఇస్తుంది. మన చేలల్లో మోటార్ల కోసం స్తంభాల మీద పెట్టే ట్రాన్స్‌ఫార్మర్లలో 100 కె.వి.ఏ. రకం ఒకటి ఉంది. ఇంచుమించు అలాంటిదాన్ని ప్రతి ఇంజనూ మోస్తున్నదన్నమాట!

ఈ కరెంటు మన ఇంటి కరెంటు లాంటిది కాదు. మన ఇంట్లో వచ్చేది 230 వోల్టులు, సెకనుకు 50 ఆవృత్తులు. విమానంలోది 115 వోల్టులు, సెకనుకు 400 ఆవృత్తులు. ఆవృత్తులు పెరిగితే, అదే శక్తికి మోటార్లలోనూ ట్రాన్స్‌ఫార్మర్లలోనూ తక్కువ ఇనుము చాలు. ఇక్కడ కూడా మళ్లీ బరువు మాటే!

నేల మీద ఇంజనులు ఆగి ఉన్నప్పుడు కరెంటు ఎలా? విమానం తోక చివర చిన్న కన్నం కనిపిస్తుంది. అందులో ఒక చిన్న ఇంజను ఉంటుంది. అది ఎగరడానికి కాదు, కరెంటూ గాలీ ఇవ్వడానికి. ఈ వరస ఏడు చేపల కథలాగా ఉంటుంది. బ్యాటరీ చిన్న ఇంజనును లేపుతుంది. చిన్న ఇంజను గాలినిచ్చి పెద్ద ఇంజనును లేపుతుంది. పెద్ద ఇంజను జనరేటరును తిప్పుతుంది. జనరేటరు మళ్లీ బ్యాటరీని నింపుతుంది. ఇది కాక, విమానాశ్రయంవారు లావుపాటి తీగ తెచ్చి కరెంటు అందించడం కూడా ఉంది.

మన కర్నూలు జిల్లాలోనే ఓర్వకల్లు దగ్గర ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరిట విమానాశ్రయం ఉంది. అక్కడ 2021 మార్చి 28న ప్రయాణీకుల విమానాలు మొదలయ్యాయి. వచ్చినవి ఏటీఆర్ 72 అనే పంకాల విమానాలు. వీటికి తోకలో చిన్న ఇంజను లేదు. దానికి బదులు ఈ జాతి విమానాల్లో ఒక ఉపాయం చేశారు. కుడివైపు ఇంజను తిరుగుతూనే ఉంటుంది, దాని పంకాను మాత్రం బ్రేకు వేసి పట్టి ఉంచుతారు. పంకా కదలదు, కరెంటు మాత్రం వస్తుంది. ఒక ఇంజను బరువు తప్పింది గదా!

సరే, గాలిలో ఉండగా ఒక జనరేటరు చెడిపోతే? అప్పుడు రెండోది భారం మోస్తుంది. కాని అన్నిటినీ మోయనవసరం లేదు. విమానం తనంతట తానే ముందు వంటగది కరెంటు ఆపేస్తుంది. కాఫీ చల్లారితే చల్లారుతుంది, పైలట్ల ముందున్న సాధనాలు మాత్రం ఆరిపోకూడదు. ఏది ముందు, ఏది తరవాత అన్నది విమానం తయారు చేసేటప్పుడే నిర్ణయించి పెట్టారు.

మరి రెండు ఇంజనులూ ఆగిపోతే? అటువంటి ఘడియ నిజంగానే వచ్చింది. 2001 ఆగస్టు 24న కెనడాలోని టొరాంటో నుంచి పోర్చుగల్‌లోని లిస్బన్‌కు ఒక పెద్ద విమానం పోతున్నది. అందులో 306 మంది ఉన్నారు. అట్లాంటిక్ సముద్రం మీద ఉండగా ఇంధనం కారిపోయి, ముందు ఒక ఇంజనూ, తరవాత రెండోదీ ఆగిపోయాయి. ఇంజనులతోపాటు వాటి జనరేటర్లూ ఆగిపోయాయి. కింద చూస్తే నీళ్లే. అప్పుడు రెక్క కింద దాగి ఉన్న ఒక చిన్న గాలిమర బయటికి వచ్చింది. కాగితపు గాలిమర పట్టుకుని పరుగెత్తితే గిర్రున తిరుగుతుంది చూశారూ? ఇదీ అంతే. విమానం వేగానికి ఎదురొచ్చే గాలికి అది తిరిగి, కొద్దిపాటి శక్తినిచ్చింది. ఆ కొద్దిపాటి శక్తి టీకి గాని, చల్లగాలికి గాని చాలదు. విమానాన్ని అదుపులో ఉంచడానికీ, ముఖ్యమైన సాధనాలకూ చాలింది. పైలట్లు ఇంజను లేని విమానాన్ని సుమారు 19 నిమిషాలు గాలిలో తేలించుకుంటూ పోయి, అజోర్స్ దీవుల్లోని లజేష్ అనే చోట దింపారు. కొందరికి దెబ్బలు తగిలాయి గాని, 306 మందీ ప్రాణాలతో బయటపడ్డారు.

పిల్లలూ! ఒక పని చేసి చూడండి. రేపు మీ ఇంటికి పదహారు బిందెల నీళ్లే వస్తాయనుకుని, అమ్మనూ అవ్వనూ అడిగి ఒక జాబితా రాయండి. తాగడానికెంత, వంటకెంత, బర్రెకెంత, బట్టలకెంత? తక్కువైతే ముందు ఏది ఆపాలి, చివరిదాకా దేన్ని ఆపకూడదు? మీ అవ్వ ఈ జాబితాను క్షణంలో చెప్పేస్తుంది. విమానాలు కట్టే ఇంజనీర్లు కూర్చుని వేసినది కూడా అలాంటి జాబితాయే.